ఇంటిపేరు మారిన బ్యాంకు

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ బ్యాంకు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. బ్యాంకు అనగానే "అదంతా మగవాళ్ల వ్యవహారం, మనకెందుకులే" అని రేడియో కట్టేయబోయే వాళ్లుంటారు. కాస్త ఆగండి. నేను చక్రవడ్డీ లెక్కలు చెప్పబోవడం లేదు. నేను చదివింది పదో తరగతి. ఇంటి ఖర్చు లెక్క రాసుకోవడం వరకూ వచ్చు. అయితే ఒక బ్యాంకు కథ వుంది, అది అచ్చం మన ఆడవాళ్ల కథలాగే వుంటుంది. పుట్టింటి పేరొకటి, మెట్టినింటి పేరొకటి, ఉమ్మడి కాపురం, ఆనక పంపకాలు, అన్నీ వున్నాయందులో. అందుకే చెప్పాలనిపించింది.

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల వాళ్లు తమ ఇంట్లో పెద్దవాళ్ల ట్రంకు పెట్టెలు ఒకసారి వెతికి చూడండి. అడుగున ఎక్కడో 'నాగార్జున గ్రామీణ బ్యాంకు' అని రాసివున్న పాస్ పుస్తకం దొరకవచ్చు. దానికంటే కొంచెం కొత్తదాని మీద 'ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు' అని వుంటుంది. ఇప్పుడు నడుస్తున్న దాని మీద 'తెలంగాణ గ్రామీణ బ్యాంకు' అని వుంటుంది. ఖాతా ఒక్కరిదే, కష్టార్జితం ఒక్కరిదే, బ్యాంకు పేరు మాత్రం మూడుసార్లు రాయించుకుంది.

ఈ మధ్య మా వీధిలో పాచిపనికి వచ్చే ఒక పెద్దావిడ నన్ను ఆపి అడిగింది. "అమ్మా, మా వూళ్లో బ్యాంకు బోర్డు పీకేశారంట గదా, మరి నా పైసలు యాడబోయినట్టు?" అని. ఆవిడది బూర్గంపాడు అవతల పల్లె. కొడుకు దగ్గర వుండటానికి ఖమ్మం వచ్చింది. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఎక్కడికీ పోలేదు. కానీ ఎందుకు పోలేదో, బోర్డు ఎందుకు మారిందో చెప్పాలంటే మాత్రం యాభై ఏళ్ల కథ చెప్పాలి.

1969 జూలై 19న కేంద్ర ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేసింది. అంతవరకూ బ్యాంకులంటే పట్టణాల్లో వ్యాపారస్థులకే. జాతీయం చేశాక పల్లెలకి కూడా వెళ్లమన్నారు. వెళ్లారు గానీ, పట్నంలో పుట్టి పెరిగిన ఉద్యోగికి పల్లెటూరి భాష రాదు, ఎకరం పొలం వున్న రైతుకి వందా రెండొందలు అప్పిచ్చి కాగితాలు రాయాలంటే ఖర్చే ఎక్కువ. అప్పుడు 1975లో ఒక సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు మన తెలుగువాడే, ఎం. నరసింహం గారు. తర్వాత 1977లో రిజర్వు బ్యాంకు గవర్నరుగా కూడా చేశారు. పల్లెలకి వేరే బ్యాంకులు కావాలి, అందులో ఆ జిల్లా పిల్లలే ఉద్యోగం చెయ్యాలి, జీతాలూ ఖర్చులూ పొదుపుగా వుండాలి అని ఆ సంఘం చెప్పింది. సహకార సంఘంలో వుండే ఊరి పరిచయం, పెద్ద బ్యాంకులో వుండే లెక్కల క్రమశిక్షణ రెండూ ఒకచోట కలవాలన్నది వాళ్ల ఆలోచన.

ఆ యేడాది సెప్టెంబరు 26న ఆర్డినెన్సు వచ్చింది. గాంధీ జయంతి నాడు, అంటే అక్టోబరు 2న, దేశంలో మొదటి అయిదు గ్రామీణ బ్యాంకులు మొదలయ్యాయి. 1976లో చట్టం చేశారు. ఈ బ్యాంకుల మూలధనంలో రూపాయికి అర్ధరూపాయి కేంద్రానిది, పదిహేను పైసలు రాష్ట్రానిది, మిగిలిన ముప్ఫై అయిదు పైసలు ఆ బ్యాంకుని పెంచే ఒక పెద్ద బ్యాంకుది. ఆ పెద్ద బ్యాంకుని ప్రాయోజక బ్యాంకు అంటారు. పుట్టిన పిల్లకి తల్లి, తండ్రి, మేనమామ ముగ్గురూ కలిసి ఖర్చు పెట్టుకున్నట్టు అనుకోండి.

అదే 1976లో ఖమ్మం కేంద్రంగా నాగార్జున గ్రామీణ బ్యాంకు పుట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన మొదటి గ్రామీణ బ్యాంకుల్లో అదొకటి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా దానికి ప్రాయోజక బ్యాంకు. ఖమ్మం, నల్లగొండ రెండు జిల్లాలూ దాని పరిధి.

ఖమ్మం జిల్లాలో బ్యాంకు నడపటం అంటే మాటలు కాదు. జిల్లాకి ఒక పక్క పొగాకు, మిరప, వరి పండే మెట్టా మాగాణీ; ఇంకో పక్క కొత్తగూడెం బొగ్గు గనులు; గోదావరి వైపు వెళితే అడవి. భద్రాచలం అసలు మొదట ఈ జిల్లాది కాదు. తూర్పు గోదావరిలో వుండేది, 1959లో ఖమ్మంలో కలిపారు. మధ్యలో గోదావరి. 1965లో వంతెన వచ్చేవరకూ పడవే గతి. భద్రాచలం దాటితే దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం. ఇంకో దారిన కూనవరం, చింతూరు. ఆ పైన ఇప్పటి ఛత్తీస్‌గఢ్, ఒడిశా. అక్కడ వుండేది కోయలు, కొండరెడ్లు. వాళ్లకి ఇప్పపువ్వు, చింతపండు, తేనె, తపసి బంక, చిల్లగింజలు, ఎండాకాలం తునికాకు, ఇవే రొక్కం తెచ్చే పంటలు. వారానికొక సంత. సంతలో సరుకు అమ్ముకోవాలి, ఉప్పూ నూనే గుడ్డా కొనుక్కోవాలి.

ఆ సంతకి వచ్చే వర్తకుడే షావుకారు కూడా. వానల్లో తిండిగింజలు అప్పిస్తాడు, పంట చేతికొచ్చాక బస్తాకి బస్తన్నర కొలిపించుకుంటాడు. రాతా లేదు కోతా లేదు. తీసుకున్న వాళ్లకి చదువు రాదు, ఎంత తీరిందో ఎంత మిగిలిందో అతను చెప్పిందే లెక్క. అడవి సరుకు కొనడానికి ప్రభుత్వం 1956లోనే గిరిజన సహకార సంస్థని పెట్టింది. కానీ సరుకు అమ్మడం వేరు, అవసరానికి అప్పు పుట్టడం వేరు కదా.

మరి బ్యాంకు వెళ్లి అప్పివ్వొచ్చుగా అంటారు. ఇక్కడొక చిక్కుంది. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకూడదు. 1959 నాటి నిబంధనని 1970లో ఇంకా కట్టుదిట్టం చేశారు, దాన్నే అందరూ '1/70 చట్టం' అంటారు. అది గిరిజనుల భూమికి కట్టిన కంచె, వుండి తీరాల్సిందే. అయితే బ్యాంకు కళ్లతో చూడండి. అప్పు తీరకపోతే వేలం వేద్దామంటే బయటివాడు కొనే వీలు లేదు. అంటే తాకట్టు కాగితానికి పట్నంలో వున్న విలువ అక్కడ లేదు. అలాంటి చోట అప్పు ఇవ్వాలంటే మిగిలింది ఒకటే దారి. కాగితాన్ని కాకుండా మనిషిని చూసి ఇవ్వాలి. ఫలానా ఆమె మాట మీద నిలబడే మనిషా, ఆ ఇంట్లో ఎన్ని చేతులు పని చేస్తాయి, ఆ యేడు అడవిలో ఇప్ప ఎలా పూసింది, ఇవన్నీ తెలియాలి. అది తెలియాలంటే ఆ ఊళ్లో తిరగాలి, ఆ సంతలో నిలబడాలి, వాళ్ల మాట కొంచెమైనా రావాలి.

గ్రామీణ బ్యాంకు ఆస్తి అదేనండీ. ఇనప్పెట్టెలో డబ్బు కంటే ముందు, మనుషుల్ని ఎరిగి వుండటం. నేను ఈవేళ చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది, గుర్తు పెట్టుకోండి.

మొదట్లో ఈ బ్యాంకులు చిన్న రైతులకి, కూలీలకి, చేతివృత్తుల వాళ్లకి మాత్రమే అప్పివ్వాలని నియమం. మేకలకి, పాడిగేదెకి, ఎడ్లజతకి, కుట్టుమిషనుకి ఇచ్చేవాళ్లు. పెద్ద అప్పు ఇవ్వకూడదు కాబట్టి పెద్ద వడ్డీ రాబడీ లేదు. చిన్న అప్పు రాయడానికీ వసూలు చెయ్యడానికీ పెద్ద అప్పుకయ్యేంత ఖర్చే అవుతుంది. ఇంట్లో చూడండి, ఇద్దరికి వండినా పొయ్యి వెలిగించక తప్పదు, పదిమందికి వండినా అదే పొయ్యి. అలా దేశమంతటా చాలా గ్రామీణ బ్యాంకులు నష్టాల్లో పడ్డాయి. 1987 నాటికి దేశంలో ఇవి 196 అయ్యాయి. ఇన్ని చిన్న సంసారాలు, దేనికీ చాలీచాలని రాబడి.

ఉద్యోగుల కష్టం కూడా చెప్పుకోవాలి. మొదట వాళ్లకి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల లెక్కన జీతాలు. పని మాత్రం బ్యాంకు పని, అదీ అడవి దారుల్లో. పెద్ద బ్యాంకుల వాళ్లతో సమానంగా ఇవ్వాలని పోరాడారు. ఆ తగాదా జస్టిస్ ఓబుల్ రెడ్డి గారి ట్రిబ్యునల్ ముందుకి వెళ్లింది. 1990లో వాళ్లకి అనుకూలంగా తీర్పు వచ్చింది. న్యాయమైన తీర్పే. అయితే తక్కువ ఖర్చుతో నడిచే బ్యాంకు అన్న మొదటి లెక్క అక్కడితో మారిపోయింది. ఆ తర్వాత పేదవాళ్లకే కాక మిగతా వాళ్లకీ అప్పులివ్వడానికి అనుమతించారు. బంగారం మీద అప్పులు, జీతగాళ్లకి అప్పులు మొదలయ్యాయి.

అదే కాలంలో ఇంకో మంచి మార్పు వచ్చింది. అది మన ఆడవాళ్లు తెచ్చింది. 1992లో నాబార్డు పొదుపు సంఘాల్ని బ్యాంకులతో కలిపే పథకం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలు ఊరూరా లేచాయి. పదిమంది ఆడవాళ్లు కూడి రోజుకో రూపాయి, వారానికి ఇంత అని దాచుకోవడం, ఆ డబ్బు బ్యాంకులో వెయ్యడం, దాన్ని చూసి బ్యాంకు ఆ సంఘానికి అప్పివ్వడం. తాకట్టు లేదు. ఒకరికి ఒకరు పూచీ. ఇందాక చెప్పానే, మనిషిని చూసి అప్పివ్వాలని, ఆ ఎరిగి వుండే పని ఆడవాళ్లే బ్యాంకు తరపున చేసి పెట్టారన్నమాట. ఎవరు నిజాయితీపరురాలో, ఎవరింట్లో మగాడు డబ్బంతా తాగేస్తాడో పక్కింటావిడకి తెలిసినంత మేనేజరుకి తెలుస్తుందా? ఇవాళ 10 లక్షల వరకూ సంఘాలకి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమమే వుంది.

ఇక విలీనాల సంగతికి వద్దాం. 2005 నుంచి కేంద్రం, ఒక రాష్ట్రంలో ఒకే ప్రాయోజక బ్యాంకు కింద వున్న గ్రామీణ బ్యాంకులన్నిటినీ కలపడం మొదలుపెట్టింది. 2006 మార్చి 31న మన నాగార్జునతో పాటు మరో నాలుగు కలిశాయి. శ్రీకాకుళం వైపు శ్రీ విశాఖ, మహబూబ్‌నగర్ సంగమేశ్వర, మెదక్ మంజీర, వరంగల్ కాకతీయ. ఈ అయిదింటికీ స్టేట్ బ్యాంకే ప్రాయోజకురాలు. అయిదూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయ్యాయి. ప్రధాన కార్యాలయం వరంగల్. దానికి కొద్దిరోజుల ముందే, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రాయోజకత్వంలో వున్న ఇంకో నాలుగు, ఆదిలాబాద్ శ్రీ సరస్వతి, కరీంనగర్ శ్రీ శాతవాహన, నిజామాబాద్ శ్రీరామ, హైదరాబాద్ గోల్కొండ, కలిసి దక్కన్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి.

ఆ పేర్లు వినండి, ఎంత చక్కగా వున్నాయో! మంజీర అంటే నది, కాకతీయ అంటే ఓరుగల్లు, సరస్వతి అంటే బాసర తల్లి. శ్రీరామ అంటే భద్రాచలంలో వుండాలి గానీ, అది నిజామాబాద్ వైపుది. మన వైపుది ఆచార్య నాగార్జునుడి పేరు పెట్టుకుంది. పేరు వినగానే ఏ నేలదో తెలిసేది. కలిశాక ఆ పేర్లన్నీ పోయాయి. పెళ్లయ్యాక మన ఇంటిపేర్లు పోయినట్టే.

పేర్లు పోతే పోయాయి, లాభమేమిటి అంటారా? వుంది. ఉమ్మడి కాపురంలో వుండే లాభమే. రెండు జిల్లాల బ్యాంకుకి ఆ రెండు జిల్లాల్లో వానలు పడకపోతే ఆ యేడు అప్పులన్నీ మొండి బాకీలే. వంశధార నుంచి కృష్ణ దాకా పరుచుకున్న బ్యాంకుకి ఒకచోట కరువొచ్చినా ఇంకోచోట పంట పండుతుంది, ఒకరి నష్టాన్ని ఇంకొకరి లాభం కాస్తుంది. కంప్యూటర్లు పెట్టడం చిన్న బ్యాంకుకి మోయలేని ఖర్చు, అయిదుగురు కలిస్తే తేలిక. తర్వాతి సంవత్సరాల్లో శాఖలన్నీ కంప్యూటర్లతో కలిశాయి. భద్రాచలంలో వేసిన డబ్బు ఖమ్మంలో తీసుకోవచ్చు. పట్నంలో చదువుకునే పిల్లకి పల్లెనుంచి తండ్రి డబ్బు పంపొచ్చు. ఉపాధి హామీ కూలి, పింఛను, తునికాకు బోనసు లాంటివి ఖాతాలో పడటం మొదలయ్యాక ఈ సౌకర్యం విలువ తెలిసింది.

నష్టం కూడా ఉమ్మడి కాపురంలో వుండేదే. వంటింటి తాళాలు ఎవరి చేతిలో వుంటాయన్న సంగతి. నాగార్జున బ్యాంకు రోజుల్లో ప్రధాన కార్యాలయం ఖమ్మంలో, భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి పెద్ద మేనేజరుని కలవొచ్చు. తర్వాత అది వరంగల్ అయింది. ఇప్పుడు హైదరాబాద్, 300 కిలోమీటర్ల పైమాటే. తీర్పు చెప్పే గుమ్మం దూరమైన కొద్దీ ఊళ్లో వున్న మేనేజరు చేతులు కట్టుబడతాయి. మనిషిని చూసి అప్పివ్వడం తగ్గి, పై నుంచి వచ్చిన కాగితం నింపడం పెరిగే ప్రమాదం వుంది. కోయమాట నాలుగు ముక్కలు వచ్చిన ఉద్యోగిని ఎక్కడో దూరం బదిలీ చేస్తే, అతని బుర్రలో వున్న ఊరి లెక్క ఏ కంప్యూటరులోనూ ఎక్కదు.

ఇంతలో 2014 వచ్చింది. రాష్ట్రం రెండయింది. ఆ అక్టోబరులో దక్కన్ బ్యాంకు తెలంగాణ గ్రామీణ బ్యాంకుగా పేరు మార్చుకుంది. మన వికాస్ బ్యాంకు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ కాపురం చేసింది. ఒక కాలు శ్రీకాకుళంలో, ఒక కాలు ఖమ్మంలో. అదే యేడు మన అడవి అంచున ఇంకో మార్పు. పోలవరం ముంపు వుందని చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్నీ, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొన్ని గ్రామాల్నీ ఆంధ్రలో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. గుడి ఇటు, ఊరి చుట్టూ పల్లెలు కొన్ని అటు. 2016లో ఇటు వైపు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. అక్కకి ఒక రాష్ట్రం, చెల్లెలికి ఒక రాష్ట్రం. అయినా పదేళ్లపాటు గ్రామీణ వికాస్ బ్యాంకు మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆ పంపకాలు కూడా జరిగిపోయాయి. 2025 జనవరి 1న వికాస్ బ్యాంకు తెలంగాణలో వున్న 493 శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. దానితో ఆ బ్యాంకుకి మొత్తం 928 శాఖలు. అంతకుముందు డిసెంబరు చివర కొన్ని రోజులపాటు లెక్కలు మార్చడానికి సేవలు ఆపవలసి వచ్చింది. మిగిలిన ఆంధ్ర భాగం కూడా ఎన్నాళ్లో ఒంటరిగా వుండలేదు. 'ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు' అన్న విధానం కింద 2025 మే 1న చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. అమరావతి దాని కేంద్రం, యూనియన్ బ్యాంకు ప్రాయోజకురాలు. ఆ ఒక్కరోజుతో దేశంలో గ్రామీణ బ్యాంకులు 43 నుంచి 28కి తగ్గాయి. 196 ఎక్కడ, 28 ఎక్కడ!

పట్నం వాళ్లకి ఇది కొత్త కాదు. మన హైదరాబాద్ బ్యాంకు, 1941లో నిజాం కాలంలో పుట్టినది, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసిపోలేదూ? పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోలేదూ? అప్పుడు మనం కొంచెం నొచ్చుకున్నాం, కొత్త చెక్కు పుస్తకం తెచ్చుకున్నాం, మళ్లీ మన పనిలో పడ్డాం. ఎందుకంటే పట్నంలో పక్కవీధికి వెళితే ఇంకో బ్యాంకు వుంటుంది. చర్ల అవతల పల్లెలో వున్న ఆవిడకి పక్కవీధి లేదు. ఆమెకి తెలిసిన గుమ్మం అదొక్కటే. ఆ గుమ్మంలో తన మొహం గుర్తుపట్టే మనిషి లేకపోతే ఆమె తిరిగి ఎవరి దగ్గరికి వెళుతుందో చెప్పక్కర్లేదు. సంతలో షావుకారు ఇంకా వున్నాడు.

అందుకే నేను విలీనాలు చెడ్డవని అనను. బలహీనంగా వున్న చిన్న బ్యాంకు మూతపడటం కంటే పెద్దదాంట్లో కలవడం నయం. కానీ బ్యాంకు పెద్దదైందని చెప్పేటప్పుడు ఎన్ని శాఖలు, ఎన్ని కోట్లు అని మాత్రమే చెబుతారు. అడవి అంచు శాఖలో మాట తెలిసిన ఉద్యోగి వున్నాడా, పొదుపు సంఘం అప్పు ఆ శాఖలోనే మంజూరవుతోందా, ఈ రెండు ప్రశ్నలు కూడా అడగాలి. కోడలు వచ్చింతర్వాత ఇల్లు పెద్దదైందా అని కాదు, ఇంట్లో అందరికీ వేళకి అన్నం అందుతోందా అని చూస్తాం కదా, అలాగన్నమాట.

ఇక మనం చెయ్యగలిగిన పనులు చెబుతాను.

మొదటిది, ఆ పెద్దావిడ అడిగిన సంగతి. పాత పేరున్న పాస్ పుస్తకం చెల్లని కాగితం కాదు. విలీనం అంటే పాత బ్యాంకు ఆస్తులతో పాటు బాకీలన్నీ, అంటే మనకివ్వాల్సిన డిపాజిట్లన్నీ, కొత్త బ్యాంకు మీదికి వస్తాయి. ఇంటిపేరు మారినంత మాత్రాన పుట్టింటివారు పెట్టిన నగలు పోతాయా? అలాగే ఇదీ. పదేళ్లు ఎవరూ ముట్టని ఖాతాలో డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గర వున్న ఒక నిధికి వెళుతుంది. అక్కడికి వెళ్లినా ఖాతాదారు గానీ వారసులు గానీ శాఖలో అర్జీ ఇచ్చి తిరిగి తీసుకోవచ్చు. కనుక అత్తగారి పెట్టెలో 'నాగార్జున' పుస్తకం కనబడితే చెత్తలో వెయ్యకండి. ఇప్పుడున్న గ్రామీణ బ్యాంకు శాఖకి తీసుకెళ్లి అడగండి. ఆంధ్రలో కలిసిన మండలాల్లో తెరిచిన ఖాతా అయితే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుని అడగాలి, తెలంగాణలో మిగిలిన చోటిది అయితే తెలంగాణ గ్రామీణ బ్యాంకుని.

రెండోది నామినీ. పాత ఖాతాల్లో చాలావాటికి నామినీ పేరే వుండదు, లేదా ఎప్పుడో చనిపోయిన వాళ్ల పేరుంటుంది. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా నామినీలుగా రాయించుకోవచ్చు. మీ పేరు రాశారో లేదో మీవారిని అడగండి. అడగడంలో అపశకునం ఏమీ లేదు.

మూడోది భీమా. బ్యాంకు దెబ్బతింటే ఒక్కో డిపాజిట్‌దారుకి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకూ భీమా వుంది. గ్రామీణ బ్యాంకులకీ వర్తిస్తుంది. అయితే రెండు బ్యాంకులు కలిసి ఒకటైతే, ఆ రెంట్లోనూ మీరు దాచుకున్నది కలిపి ఒకే 5 లక్షల లెక్కలోకి వస్తుంది. జాగ్రత్తకని రెండు చోట్ల వేసుకున్న వాళ్లు ఈ సంగతి చూసుకోవాలి.

నాలుగోది వరద. నవ్వకండి, భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఇంట్లో కాగితాలన్నీ తడిసిపోయినా బ్యాంకు లెక్కలో మన పేరు తడవదు. కానీ ఖాతా నంబరు ఇంకోచోట రాసిపెట్టుకోవాలి. బ్యాంకు మారినప్పుడు నంబరు మారిందేమో కనుక్కుని కొత్తది కూడా రాసుకోవాలి. గ్యాసు సబ్సిడీ, పింఛను ఏ నంబరుకి వస్తున్నాయో సరిచూసుకోవాలి. బ్యాంకు కలిసింది, మీ నంబరు మారుస్తాం, ఓటీపీ చెప్పండి అని ఫోను వస్తే మాత్రం వెంటనే పెట్టెయ్యండి. విలీనాల సమయంలో ఇలాంటి మోసగాళ్లు పొంచి వుంటారు. బ్యాంకు వాళ్లు ఫోనులో ఓటీపీ అడగరు.

చివరిది. మన ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, మన వీధిలో అడ్డాకులూ కుంకుళ్లూ అమ్ముకునే ఆడవాళ్లు చాలామంది ఆ పల్లెల నుంచే వచ్చారు. వాళ్ల డబ్బు ఆ బ్యాంకుల్లోనే వుంది. అక్షరం రాకపోవడం వల్ల గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లున్నారు. మనకి ఓ గంట తీరిక దొరికితే వాళ్ల పాస్ పుస్తకం తీసుకుని కూడా వెళదాం. అర్జీ రాసి పెడదాం. సంతకం దగ్గర వాళ్ల చేత పేరు రాయిద్దాం, రాకపోతే నేర్పిద్దాం. ఆ పెద్దావిడతో నేనూ అలాగే వెళ్లాను. ఆవిడ ఖాతాలో వున్నది 2,340 రూపాయలు. కౌంటరులో అమ్మాయి ఆ అంకె పైకి చదివితే, "అయితే నాకు తెలిసినంతే వుంది" అంది ఆవిడ. చదువు రాకపోయినా ఇన్నేళ్లూ ఆ లెక్క మనసులో దాచుకుంది.

గ్రామీణ బ్యాంకులు ఎన్నయినా కలవనీ, ఎంత పెద్దవైనా కానీ. ఆ 2,340 రూపాయలకి, దాన్ని దాచుకున్న మనిషికి గౌరవం వున్నంత కాలమే వాటికి గ్రామీణ అన్న మాట తగుతుంది. మీమీ ఊళ్లల్లో శాఖలో పని బాగా జరిగితే మెచ్చుకోండి, జరగకపోతే రాతపూర్వకంగా అడగండి. అడిగేవాళ్లుంటే చెప్పేవాళ్లూ వుంటారు.